నాన్న ఒక రంగు, కూతుళ్ళు మూడు రంగులు: కరివేపాకు సీతాకోకచిలుక వంశం కథ

మీ ఇంట్లో కరివేపాకు చెట్టో నిమ్మచెట్టో ఉందా? ఉంటే ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగుని చూసే ఉంటారు. అలాంటి పురుగుల్లో ఒకటి పెరిగి నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. దాని పేరు పాపిలియో పాలిటీస్, మామూలుగా కామన్ మార్మన్ అంటారు. దీని చుట్టాలెవరో తేల్చడానికి సైన్సుకి వందేళ్ళ పైనే పట్టింది.

1758లో లిన్నేయస్ దీనికి రెండు పేర్లు పెట్టాడు. తెల్లచుక్కల వరస ఉన్నది పామన్, ఎర్రమచ్చలున్నది పాలిటీస్. తర్వాత క్రామర్ ఇంకో రకాన్ని రోములస్ అన్నాడు. మూడు పేర్లు, అంటే మూడు జాతులన్నమాట. వాళ్ళనీ ఏమనలేం లెండి, డబ్బాలో సూదికి గుచ్చిన చచ్చిన పురుగుల్ని చూసే చెప్పాలి మరి.

అప్పుడొచ్చాడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. మలయా దీవుల్లో ఎనిమిదేళ్ళు తిరిగి, 1864లో లండన్ లిన్నేయన్ సొసైటీలో పేపర్ చదివాడు. ఆయన లెక్కలో ఇదంతా ఒకటే జాతి: మగది ఒక్క రకం, ఆడవి మూడు రకాలు! ఒక ఆడది మగదానిలాగే ఉంటుంది. ఒకటి కామన్ రోజ్ వేషం, ఇంకోటి క్రిమ్సన్ రోజ్ వేషం. ఈ రోజ్‌లు గాడిదగడపాకు జాతి మొక్కలు తిని ఒంట్లో విషం పెట్టుకుంటాయి, పక్షులు వాటి జోలికి పోవు. క్రిమ్సన్ రోజ్ ఉండేది మన దేశంలో, శ్రీలంకలో. రోములస్ వేషం దొరికేదీ అక్కడే!

చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నా రోజ్‌కి దగ్గర చుట్టాలు పెద్ద పెద్ద బర్డ్‌వింగ్‌లు. మార్మన్‌ది వేరే శాఖ. దానికి దగ్గరిది, అసలు పోలికే లేని, నిమ్మచెట్టు మీది పసుపు చుక్కల లైమ్ బటర్‌ఫ్లై.

1913లో ఫ్రయర్ సిలోన్‌లో వీటిని తరాల తరబడి పెంచి, ఈ రంగులు వంశపారంపర్యంగా వస్తున్నాయని చూపించాడు. 2014లో మన కృష్ణమేఘ్ కుంటే, అమెరికా సైంటిస్టులతో కలిసి అసలు జీన్ పట్టేశారు. దాని పేరు డబుల్‌సెక్స్. ఆడ, మగ ఒళ్ళు ఎలా తేడాగా ఉండాలో చెప్పే పాత జీన్ అది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, కొత్త మాడ్యూల్ ఏం రాయలేదు, ఉన్న ఫంక్షన్‌కే ఇంకో పని అప్పజెప్పింది. ఆ డీఎన్ఏ ముక్క తలకిందులుగా తిరిగిపోవడంతో పాత రకంతో కలిసి చెదిరిపోకుండా మిగిలింది.

మగవాటిలోనూ ఆ ముక్క ఉంటుంది. కూతుళ్ళకి అందిస్తాయి, వాటి రెక్కల మీద మాత్రం కనపడదు. మగవి వేషం ఎందుకు వెయ్యవు అన్నదాని మీద వాదనలు చాలా ఉన్నాయి, అది వచ్చే ఎపిసోడ్‌లో.