పచ్చిమేత నుంచి పారాణి ముద్ద దాకా

ఈనిన ఆవు మాయ వేయలేదంటే ఇంటిల్లిపాదికీ తిండి సహించదు. పొదుగు గట్టిపడి పాలు విరిగినట్టు వస్తే ఆ దిగులు ఇంకా ఎక్కువ. ఈ రెండు కష్టాల్లోనూ పశువు ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌కు వాటా ఉందని తేలడానికి, వాటిని అణిచే విటమిన్ ఇ బయటపడ్డాక అరవై ఏళ్లు పట్టింది.

1922లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ పెంచిన ఎలుకలకు కడుపు నిలిచేది కాదు. లెట్యూస్ ఆకు పెడితే నిలిచింది. ఆ ఆకులో ఉన్నదే విటమిన్ ఇ. 1936లో గోధుమ బీజాంకుర నూనె నుంచి దాన్ని విడదీసి టోకోఫెరాల్ అన్నారు. గ్రీకు మూలాన్ని బట్టి కాన్పును మోసేదని అర్థం. ఎంత సరైన పేరు! 1984లో ఒహాయో పరిశోధకులు విటమిన్ ఇ అదనంగా ఇస్తే ఆవుల్లో పొదుగువాపు 37 శాతం తగ్గిందని చూపారు. ఈనడానికి ముందు మూడు వారాలు, ఈనాక మూడు వారాలు ఆవుకు గండమే. మేత తగ్గుతుంది, పాల కోసం ఒంట్లో కొవ్వు కరుగుతుంది, రోగంతో పోరాడే తెల్లకణాలు నీరసిస్తాయి.

2006 జనవరి 1 నుంచి యూరప్‌లో పశువుల ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం నిషేధించారు. ఆపైన వాటి బదులు ఒరెగానో, థైమ్, ద్రాక్ష గింజల సారాలకు గిరాకీ పెరిగింది. థైమ్‌లోని థైమాలే మన వాముకూ ఘాటునిస్తుంది. అయితే నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు చాలా సారాలను మార్చేస్తాయి. ప్రయోగశాలలో చూపిన బలం పాలబిందె దాకా రాకపోవచ్చు. ఈ సారాల్లో వగరునిచ్చే టానిన్లు మోతాదు మించితే పశువు మేతే ముట్టదు. అందుకే సారాల డబ్బా కొనే ముందు గాడిలో పచ్చిమేత ఉందో లేదో చూడమంటాను. గడ్డి ఎండేకొద్దీ విటమిన్ ఇ, కెరోటిన్ హరించుకుపోతాయి. వరిగడ్డిలో మిగిలేది దాదాపు సున్నా.

మనకు దగ్గరి దారి ఇంకొకటి ఉంది. పసుపులోని కర్క్యుమిన్‌ను 1815లోనే విడదీశారు. అదే పసుపుతో తమిళనాడు పశువైద్య ఆచార్యుడు పుణ్యమూర్తి ప్రచారంలోకి తెచ్చిన పొదుగువాపు మందును జాతీయ పాడి అభివృద్ధి మండలి పాడిరైతులకు నేర్పుతోంది. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి, నీళ్లతో పలుచన చేసి, రోజుకు పదిసార్లు చొప్పున ఐదు రోజులు పూయాలి. సున్నం తగలగానే పసుపు ముద్ద ఎర్రబడుతుంది. పొదుగంతా పారాణి పెట్టినట్టే ఉంటుంది.