అంతర్జాలమున దాఁపుడు ప్రతులు



క్యాష్ అనఁగనే మనకు నగదు జ్ఞప్తికి వచ్చును. నేఁడు చెప్పఁబోవు క్యాష్ వేఱు. ఇది దాఁచుట యను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి పుట్టిన మాట. గాదె దూరమున నున్నను ఇల్లాలు నాలుగు దినముల బియ్యమును వంటయింటి కుండలో నుంచుకొనును గదా! గణకయంత్రములును తఱచుగాఁ గావలసిన సమాచారమునకుఁ బ్రతి నొకటి చేరువ నుంచుకొనును. పెద్దదియు మందగామియు నగు జ్ఞాపకకోశమునకుఁ జిన్నదియు శీఘ్రగామియు నగు కోశమును సేవకునివలె జతచేయు విధమును 1965లో కేంబ్రిడ్జి పండితుఁడు మారిస్ విల్క్స్ వివరించెను.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జినీవాచెంత సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించిన జాలమునకు ఈ యుపాయము త్వరలోనే కావలసివచ్చెను. ఒక్కచోట వేయిమంది యొకే పుటను గోరినచో, అది వేయిసార్లు మూలస్థానమునుండియే రావలెనా? 1994లో ఆరి లువొటొనెన్, కెవిన్ ఆల్టిస్ అనువారు ప్రాక్సీ యను ద్వారపాలకుని వర్ణించిరి. మొదటివాఁ డడిగిన పుటను ఈతఁడు దెచ్చి యిచ్చి, ప్రతిని తనయొద్ద నుంచుకొనును; రెండవవాఁ డడిగినపుడు బయటికిఁ బోకయే యిచ్చును. కాలము కలిసివచ్చును, తంతిపై బరువు తగ్గును, మూలయంత్రమునకు ఊపిరి సలుపును.

1998లో టామ్ లైటన్, డేనియల్ లూయిన్ అనువారు ఆకమై సంస్థను స్థాపించి, ఇట్టి ప్రతులను ఊరూర నిలుపఁ బూనిరి. 2001 సెప్టెంబరు 11వ తేదీని హంతకులు పట్టుకొన్న విమానములో లూయిన్ మరణించెను. నాఁడు వార్తలకై జనము విరుచుకొనిపడఁగా, ఆ భారమును కొంత మోసినవి ఆతని సంస్థ నిలిపిన యంత్రములే. ఈ సంగతి తలఁచినపుడెల్ల నా మనస్సు కలఁగును.

ఇఁక చిక్కు. దాఁచిన దెల్ల నెప్పుడో చద్ది యగును. మూలమున ధర మాఱినను ప్రతిలోఁ బాతధరయే కనఁబడును. అందుచేఁ బ్రతికి గడువు పెట్టుదురు. గడువు దీఱినపుడు ద్వారపాలకుఁడు “అప్పటినుండి మాఱినదా?” యని మూలమును బ్రశ్నించును. మాఱనిచో 304 అను సంఖ్య మాత్రమే వచ్చును; పుట రాదు. గడువు దీఱకమునుపే మాఱిన దానికి మాత్రము ఈ ప్రశ్న యక్కఱకు రాదు.

ఇంతకంటె భయంకరమైనది మఱియొకటి. ఒకనికే చెందిన పుటను ఉమ్మడి కోశమున దాఁచరాదని తెలుపు ‘ప్రైవేటు’ అను గుర్తు 1997 నాఁటి నిబంధనలలోనే కలదు. అయినను 2015 డిసెంబరు 25వ తేదీని స్టీమ్ అను ఆటల యంగడిలో దాఁపుడు ఏర్పాటు తప్పి, ఒకరి చిరునామాయుఁ గొనుగోళ్ల పట్టికయు వేఱొకరికిఁ గనఁబడెను. సుమారు 34,000 మంది పుట లట్లు బయటపడవచ్చునని సంస్థయే ప్రకటించెను. అంగడిని మూసి, ఏర్పాటును సవరించిన పిమ్మటనే మరల తెఱచిరి.