ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ముగ్గురంటున్నారు



"మనవాళ్ల సంఖ్య తగ్గిపోతోంది, ఇంటికి ముగ్గురు పిల్లలు ఉండాలి" అని మన సమావేశాల్లో పెద్దలు అంటున్నారు. ముందు కాస్త చరిత్ర చూద్దాం.

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ పథకం మొదలుపెట్టింది. గోడల మీద ఎర్ర త్రికోణం, "నాం ఇరువర్, నమక్కు ఇరువర్" అన్న నినాదం మనలో చాలామందికి గుర్తే. ఎమర్జెన్సీ కాలంలో (1975-77) దేశంలో పలుచోట్ల బలవంతంగా ఆపరేషన్లు చేశారు. 1977 ఎన్నికల్లో జనం దానికి జవాబు చెప్పారు.

మన దగ్గర పనిచేసింది బలవంతం కాదు, బడి. 1954లో మన గుడియాత్తం ఉప ఎన్నికలో గెలిచిన ముఖ్యమంత్రి కామరాజ్ ఊరూరా బడులు తెరిపించి, మధ్యాహ్న భోజనం పెట్టించారు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని విస్తరించారు. ఆడపిల్లలు చదువుకున్నారు, పెళ్లి వయసు పెరిగింది, పుట్టిన బిడ్డ దక్కుతుందన్న ధైర్యం వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే సుమారు 2.1 కావాలి.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. కానీ చట్టం మారినంత మాత్రాన ఉయ్యాల ఊగదు. స్కూలు ఫీజు ఎవరు కడతారు? ఉద్యోగానికి వెళ్లే కోడలి బిడ్డను ఎవరు చూసుకుంటారు? "కనండి" అనే ముందు మన సంఘం ఈ రెండింటికీ దారి చూపాలి.

ఇంకొక్క మాట. ఉన్న ఇద్దరికీ ఇంట్లో తెలుగు నేర్పకపోతే, మూడోబిడ్డ పుట్టినా మన సంఖ్య పెరగదు.