రెండు అంకెలు, ఒక మణికట్టు

కిందటి ఏడు స్కూబా డైవింగ్ కోసం అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపానికి, అంటే ఒకనాటి హావెలాక్‌కు వెళ్ళాను. డబ్బు కలిసివస్తుందని డైవ్ కంప్యూటరును ఒకరి దగ్గర, సిలిండరులోని గాలి పీడనాన్ని తీగ లేకుండా దానికి చేరవేసే ట్రాన్స్‌మిటరును మరొకరి దగ్గర పాతవే కొన్నాను. పడవ మీద ఎంత ప్రయత్నించినా తెరపై పీడనం కనిపించవలసిన చోట గీతలే తప్ప అంకె రాలేదు. మా శిక్షకుడు విశాఖ యువకుడు. రెండింటినీ తిప్పి చూసి, "వేర్వేరు కంపెనీలవి సార్, వీటికి మాటల్లేవు" అని నవ్వాడు. ఆ మాటల్లేకపోవడం వెనుక ఒక చరిత్ర ఉందని ఇల్లు చేరాక తెలిసింది.

నీటి అడుగున మనిషికి రెండు అంకెలు కావాలి. ఒంట్లో ఎంత నత్రజని చేరిందన్నది ఒకటి, సిలిండరులో ఎంత గాలి మిగిలిందన్నది మరొకటి.

మొదటి అంకె కథ మేకలతో ఆరంభమయింది. లోతున పీడనానికి నత్రజని రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే గోలీసోడా మూత తీసినట్లు బుడగలై పొంగి కీళ్ళను, నరాలను దెబ్బతీస్తుంది. బ్రిటిష్ నౌకాదళం కోరగా జాన్ స్కాట్ హాల్డేన్ ఉక్కు గదిలో మేకలపై ప్రయోగాలు చేసి, 1908లో బాయ్‌కాట్, డామంట్‌లతో కలిసి, మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావలసిన పట్టికలను ప్రచురించాడు. 1959లో ఇటలీలో ఆ లెక్కను యంత్రానికి అప్పగించే ప్రయత్నం జరిగింది. సన్నని రంధ్రాల పింగాణీ గుండా వాయువు మెల్లగా పారే ఆ మీటరును డైవర్లు "బెండోమాటిక్" అని వెక్కిరించారు. బెండ్స్ వ్యాధిని తప్పించవలసినది దాన్నే తెచ్చిపెడుతుందని వారి చమత్కారం. 1983లో అమెరికాలో ఎడ్జ్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరు వచ్చింది. అదే ఏడు జూరిక్ శాస్త్రవేత్త బూల్మన్ తన గణితాన్ని గ్రంథంగా వెలువరించాడు. ఆ లెక్కను ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు. నేటి కంప్యూటర్లలో అనేకం దాని వారసులే.

రెండవ అంకె చరిత్ర వేరు. పూర్వం సిలిండరుకు ఒక మీట ఉండేది. ఊపిరి బరువెక్కగానే దాన్ని లాగితే దాచిన కొద్దిపాటి గాలి విడుదలయ్యేది. ఆ మీట ముందే పొరపాటున జారి ఉంటే దాచిన గాలి తెలియకుండానే ఖర్చయిపోయేది. ఆ తర్వాత గొట్టానికి వేలాడే పీడనమాపకం వచ్చింది. 1990లలో గొట్టం కూడా పోయి ట్రాన్స్‌మిటరు వచ్చింది.

అయితే ఉప్పునీరు ఎక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలను మింగేస్తుంది. అందుచేత చాలా ట్రాన్స్‌మిటర్లు కిలోహెర్ట్జ్ స్థాయి సంకేతాలతో మీటరు రెండు మీటర్ల దూరమే మాట్లాడతాయి. గార్మిన్ వంటివారు ధ్వని తరంగాలను ఎన్నుకున్నారు. సంస్థలన్నిటిదీ ఒకే సంకేత భాష కాదు. పక్క డైవరు గాలిని మన గాలిగా భ్రమించకుండా ఒక్కొక్క ట్రాన్స్‌మిటరుకు ఒక్కొక్క సంఖ్య. మనిషి దేహపు లెక్క అందరి ఆస్తి అయింది గాని, సిలిండరు చెప్పే కబురు మాత్రం సంస్థల సొంత సొత్తుగానే ఉండిపోయింది. నేను చూసిన గీతల అర్థం అదే.

ఈ రెండు అంకెలు కలిస్తే మూడవది పుడుతుంది: ఇంకెంతసేపు గాలి ఆడుతుంది? 30 మీటర్ల లోతున ప్రతి ఊపిరికీ ఉపరితలం మీదికంటే నాలుగింతల గాలి ఖర్చవుతుంది. కాబట్టి అది అక్కరకొచ్చే అంకె. దానికోసం కొనదలచినవారు రెండింటినీ జంటగా చూసి కొనండి. తయారీదారు ప్రకటించిన జతల పట్టికను నమ్మండి, అమ్మేవాడి మాటను కాదు. కొనేముందు రెండింటినీ ఒకచోట చేర్చి, తెరపై అంకె వచ్చేదాకా డబ్బివ్వకండి. బ్యాటరీ దొరుకుతుందో లేదో కూడా విచారించండి.

ఆనాడు మా శిక్షకుడు నా సిలిండరుకు పాత గొట్టపు మాపకం బిగించాడు. దాని ముల్లు 50 బార్‌ల దగ్గరకు రాకముందే నేను పైకి బయలుదేరాను. ఇప్పుడు నా దగ్గర జత కుదిరిన కంప్యూటరూ ట్రాన్స్‌మిటరూ ఉన్నాయి. అయినా ఆ ముల్లును వదలలేదు. తెరమీది అంకె సగటు దేహానికి వేసిన లెక్క, నా దేహం ఆ సగటును చదివి పుట్టలేదు. తీగలేని కబురు ఏ క్షణమైనా ఆగవచ్చు. ఊపిరి విషయంలో ఒక్కరి మాటే నమ్మి దిగడం తగదు.