భారజలము, మామూలు నీరు: యురేనియం నిల్వలో నేర్చిన పాఠములు

భద్రాచలమునకు ఎగువన, గోదావరి కుడిగట్టు అడవుల అంచున, మణుగూరు సమీపమునగల అశ్వాపురములో 1991లో భారజల కర్మాగారము పని ప్రారంభించినది. గోదావరి నీరు, సింగరేణి బొగ్గు రెండును అక్కడ చేరువలో లభించును. నీటిలోని సుమారు 7,000 హైడ్రోజన్ పరమాణువులలో ఒకటి మాత్రమే భార హైడ్రోజన్. దానిని కూడగట్టుటకు ఇంత శ్రమ యెందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో, యురేనియంను భద్రముగా నిల్వచేయు సూత్రము కూడ తెలియును.

యురేనియం-235 కేంద్రకము విచ్ఛిత్తి చెందినపుడు రెండు మూడు న్యూట్రానులు వెలువడును. వానిలో సగటున ఒకటి మరియొక కేంద్రకమును ఛేదించినచో శృంఖల చర్య నిలుచును. ఇదియే సందిగ్ధ స్థితి. న్యూట్రానుల వేగము తగ్గినచో ఛేదించు అవకాశము హెచ్చును. మామూలు నీరు వేగమును చక్కగా తగ్గించును గాని, కొన్ని న్యూట్రానులను తానే మ్రింగును. భారజలము మ్రింగునది అత్యల్పము. యురేనియం-235 నూటికి 0.7 వంతు మాత్రమే గల సహజ యురేనియంను మామూలు నీటిలో ఎట్లు పేర్చినను సందిగ్ధ స్థితి రాదు. భారజలములో తగినట్లు అమర్చిన వచ్చును.

శుద్ధి చేసిన యురేనియం సంగతి వేరు. దాదాపు శుద్ధమైన యురేనియం-235 లోహపు గోళము సందిగ్ధ స్థితి చేరుటకు సుమారు 50 కిలోలు కావలెను. అదే నీటిలో కరగి, చుట్టును నీరున్నచో సుమారు 800 గ్రాములే చాలును! రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో పనివారికి రహస్యము పేరిట ఈ సంగతి తెలుపలేదు. లాస్ ఆలమోస్ నుండి వచ్చిన ఎమీలియో సెగ్రే ఆ ప్రమాదమును గుర్తించెను. తరువాత వచ్చిన రిచర్డ్ ఫైన్‌మన్, పనివారికి విషయము చెప్పక తప్పదని పట్టుబట్టెను. యుద్ధానంతరము అక్కడనే డిక్సన్ కాలిహాన్ మొదలగువారు పాత్రల వ్యాసమును, ద్రావణపు ఎత్తును మార్చుచు సందిగ్ధ పరిమాణములను కొలిచిరి. మన దేశమున ట్రాంబేలోని జెర్లీనా రియాక్టరులో 1961 నుండి భారజలములో ఇంధనపు అమరికలను పరీక్షించిరి.

ఆకారమునకు ఇంత ప్రాముఖ్యమెందుకు? గిన్నెలోని వేడి అన్నమును పళ్ళెములో పరచిన త్వరగా చల్లారును గదా! అట్లే సన్నని గొట్టములో న్యూట్రానులు ప్రక్కలనుండి తప్పించుకొనిపోవును. వెడల్పు పాత్రలో లోపలనే తిరుగాడును. 1999 సెప్టెంబరు 30న జపానులోని తొకైమురాలో పని త్వరగా ముగియుటకై సన్నని పాత్రను విడిచి, 2.4 కిలోల పరిమితిగల వెడల్పు తొట్టిలో సుమారు 16 కిలోల యురేనియంగల ద్రావణము పోసిరి. తొట్టి చుట్టును చల్లదనమునకై నీరుండెను. శృంఖల చర్య ఇంచుమించు 20 గంటలు సాగినది; ఆ నీటిని తీసివేసిన పిదపనే తగ్గినది. ఇద్దరు పనివారు మరణించిరి.

అందువలననే శుద్ధి చేసిన ఇంధనమును ఎడముగా పేర్చుదురు. నడుమ న్యూట్రానులను పీల్చు బోరాను పలకలుంచుదురు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో తొలిసారి రవాణా నియమములను వెలువరించినది. పెట్టెలోనికి నీరు చొచ్చినను ప్రమాదము రాకూడదని పరీక్షించుట నేటి నియమములలోని ముఖ్యాంశము. హైదరాబాదులో 1971లో వెలసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో సహజ యురేనియం ఇంధనమును, తారాపూరునకు శుద్ధి చేసిన ఇంధనమును తయారుచేసిరి. చూచుటకు రెండును యురేనియమే. నిల్వచేయు నియమములు మాత్రము వేరు. ఎంత యున్నదని అడిగినంతనే చాలదు. ఏ ఆకారములో నున్నది, ప్రక్కన ఏమున్నది అనికూడ అడుగవలెను.