కీమా ముద్ద, ఒక డాక్టరు, మన గింజలు

ఈరోజు అమెరికా వాళ్ళ ఇంటి వంట ఒకటి చెప్తాను. గొడ్డు మాంసం కీమాని వడల్లా తట్టి, కాల్చి, గ్రేవీలో ఉడికిస్తారు. పేరు సాలిస్‌బరీ స్టేక్. తినడం తినకపోవడం ఎవరిష్టం వాళ్ళది, కథ మాత్రం వినండి.

సాలిస్‌బరీ అనేది ఒక డాక్టరు పేరు. 1861 నుంచి 1865 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగింది. తూటా తగిలి పోయినవాళ్ళకంటే రోగంతో పోయిన సిపాయిలే ఎక్కువ, అందులో విరేచనాలతో పోయినోళ్ళు చాలామంది. తప్పంతా తిండిలోనే ఉందన్నాడు ఈయన. 1854లోనే తన మీద ప్రయోగం చేసుకున్నాడు లెండి, ఉత్త చిక్కుడు గింజలే తిని కడుపు పాడుచేసుకున్నాడు. చివరికి ఆయన తేల్చిన మందు ఏంటంటే, పీచూ కొవ్వూ తీసేసిన కీమా ముద్దని కాల్చి మూడు పూటలా తినడం, ముందు వేడినీళ్ళు తాగడం. 1888లో పుస్తకం కూడా వేశాడు.

ఇక్కడే నాకు మండింది. గింజలూ కూరగాయలూ ఎక్కువ తింటేనే రోగాలన్నాడు! అంటే మనం పండించేదంతా విషమేనా? ఆ సిపాయిల్ని చంపింది మురికి నీళ్ళు, శుభ్రత లేని శిబిరాలు. క్రిముల సంగతి అప్పటి డాక్టర్లకి సరిగా తెలియదు.

1917లో జర్మనీతో యుద్ధంలోకి దిగాక, హాంబర్గ్ స్టేక్ అనే జర్మనీ పేరు ఇష్టంలేక కొందరు సాలిస్‌బరీ పేరే పట్టుకున్నారు. ముదురు మాంసమైనా కీమా కొడితే మెత్తబడుద్ది, ఖర్చు తక్కువ, అందుకే ఇళ్ళల్లో నిలిచింది. కానీ వండేవాళ్ళు డాక్టరు మాట వినలేదు. కీమాలో రొట్టె పొడి, ఉల్లిపాయ, గుడ్డు కలిపారు. అదే పెనంలో గోధుమ పిండి వేయించి గ్రేవీ కాచారు. పక్కన ఉడికించి మెదిపిన బంగాళాదుంప.