కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు?

మొన్న శనివారం అనంతగిరి కొండల్లో మట్టిదారుల వెంట పది కిలోమీటర్లు పరిగెత్తొచ్చా. నెక్లెస్ రోడ్డు మీద గంటలో అయిపోయే దూరానికి రెండు గంటలు పట్టింది. సోమవారం లంచ్‌లో చెప్తే మా టీంలో ఒకడు "కిలోమీటరుకి పన్నెండు నిమిషాలా? నడిచినట్టున్నావ్ బాస్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ లోపలెక్కడో గుచ్చుకుంది. అసలు పరుగుని ఈ లెక్కతో కొలవడం ఎలా మొదలైందా అని వెతికితే మంచి కథే దొరికింది.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని మనకి కంఠతా. మొదట్లో అలా లేదు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సుమారు 40. 1908 లండన్లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజుగారి కుటుంబం కూర్చునే చోటు ముందు దాకా, 26 మైళ్ల 385 గజాలు. 1912లో 40.2, 1920లో 42.75. చివరికి 1921లో గానీ లండన్ అంకె ఖాయం కాలేదు.

అంకె కుదిరాక దారిని అంకెకి తగ్గట్టు దిద్దడం మొదలైంది. సైకిల్ చక్రానికి కౌంటర్ తగిలించి రోడ్డు కొలుస్తారు. పొరపాటున కూడా తగ్గకూడదని వెయ్యి మీటర్లకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. ప్రపంచ రికార్డు కావాలంటే మొత్తమ్మీద పల్లం కిలోమీటరుకి ఒక మీటరు మించకూడదు. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముటాయ్ 2:03:02కి ముగించాడు. అప్పటిదాకా ఏ మారథాన్‌లోనూ అంత వేగంగా ఎవరూ పరిగెత్తలేదు. అయినా రికార్డు ఇవ్వలేదు. లోపం మనిషిది కాదు, దారిది!

ఇక ట్రెయిల్ సంగతి. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి టెవిస్ కప్ అని గుర్రాల పందెం ఉంది. 24 గంటల్లో 100 మైళ్లు. 1973లో గోర్డీ ఐన్స్‌లీ అనే రౌతు గుర్రం కుంటడంతో మధ్యలో ఆగిపోయాడు. మరుసటేడు గుర్రమే లేకుండా వచ్చి, గుర్రాలతోపాటు పరిగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. అదే దారిలో 1977 నుంచి మనుషులకే వేరుగా వెస్ట్రన్ స్టేట్స్ పరుగు పెట్టారు. 24 గంటల్లోపు చేరితే వెండి బకిల్, 30 గంటల్లోపైతే కంచుది. మంచు ఎక్కువ పడిన ఏళ్లలో దారి మార్చారు, 2008లో కార్చిచ్చుల వల్ల ఏకంగా రద్దే చేశారు. అక్కడా గడియారం ఉంది. కాకపోతే అడిగే ప్రశ్న వేరు: ఈ కొండని, ఈ రోజు, తెల్లారేలోగా దాటావా లేదా?

రోడ్డు లెక్కని తక్కువ చేయట్లేదు. హైదరాబాద్ వాణ్ణీ బెర్లిన్ వాణ్ణీ ఒకే కొలతతో చూడగలగడం చిన్న విషయం కాదు. కానీ అంత సౌకర్యం కోసం కొండనీ బురదనీ లెక్కలోంచి తీసేశారు. ఎంత చిక్కు బగ్ అని చూడకుండా, క్లోజ్ చేసిన టికెట్లు లెక్కపెట్టి రేటింగ్ ఇచ్చినట్టు.

నా రెండు గంటల్ని పోల్చాల్సింది ఇంకో అనంతగిరి పరుగుతోనే. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నా. ఆ పన్నెండు నిమిషాల పెద్దమనిషిని కూడా రమ్మన్నా. చూద్దాం :)